ముప్పై మూడో నంబరు మనిషి

ఆ ప్రసూతి ఆసుపత్రిలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇరవై రెండేళ్లు రికార్డు రూములో కార్డుల మధ్య కూర్చుని రికార్డమ్మ అయిపోయింది. ఆ కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి గదికి తాళం వేసిన రోజున, వాటితోపాటే ఆవిణ్ణి కూడా కంప్యూటర్ సెక్షన్‌కి పంపేశారు. సామాను పంపినట్టు పంపారని కొన్నాళ్లు ఇంట్లో రుసరుసలాడింది. కానీ యాభై ఒకటో ఏట నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టడం నేర్చుకుని, డ్యూటీ ఆపరేటరు పరీక్ష రాసి మొదటిసారికే గట్టెక్కింది. సెక్షన్లో ఇద్దరు ముక్కున వేలేసుకున్నారు. మూడో అతను వేసుకోలేదు, ఎందుకంటే అతను అదే పరీక్ష రెండుసార్లు తప్పాడు.

సెక్షన్ హెడ్డుకి అందరూ చాటున పెట్టుకున్న పేరు తొందరసారు. మనిషి చెడ్డవాడు కాదు. మెట్లు రెండేసి ఎక్కుతాడు, ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే సరే అంటాడు, టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకుంటాడు. అంత తొందరమనిషీ ఒక్క నియమం మాత్రం నిదానంగా ఆలోచించి పెట్టాడు. ప్రోగ్రాములు రాసేది ఇంజనీర్లు, రోగుల వివరాలున్న సర్వరు మీద కమాండు కొట్టేది మాత్రం ఆ పూట డ్యూటీలో ఉన్న ఆపరేటరు ఒక్కరే. పాస్‌వర్డు ఆ ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆ నియమం ఏదో ఒకరోజు తన మెడకే చుట్టుకుంటుందని పాపం ఆయన అనుకోలేదు.

ఇంజనీర్లలో ఒకతె రికార్డమ్మకు స్వయానా అన్న కూతురు. తెలివికి తెలివి, నోటికి నోరు. ఎనిమిది నెలలు కూర్చుని ఆసుపత్రి సర్వర్లన్నిటినీ ఆ పిల్లే డబ్బాల్లోకి మార్చింది. కంటైనర్లు అనాలట గానీ, సెక్షన్లో అందరికీ అవి డబ్బాలే. ఒక్కో ప్రోగ్రాముకి ఒక్కో డబ్బా. లోపల ఉన్నదానికి ఆ డబ్బాయే లోకం. దాని సామాను దానిదే, దాని మనుషుల జాబితా దానిదే. బయటి డిస్కులో ఉన్న రిపోర్టులు దానికి కావాలంటే, డబ్బా గోడకి ఒక కిటికీ పెట్టి ఆ ఒక్క ఫోల్డరు చూపిస్తారు. మేనకోడలు ఈ సంగతి మొదటిసారి వివరించినప్పుడు రికార్డమ్మ శ్రద్ధగా విని, "అంటే అద్దెవాటా లాంటిదన్నమాట" అంది. "ఎనిమిది నెలల పని ఒక్క ముక్కలో తేల్చేశావు కదత్తా" అని ఆ పిల్ల మూతి ముడుచుకుంది.

ఆ సోమవారం పదకొండు గంటలకి సూపరింటెండెంటు వస్తానంది. అందరూ పెద్ద డాక్టరమ్మ అనే ఆవిడ. ఈ డబ్బాలు ఉంచాలా, తీసేసి పాత పద్ధతికే పోవాలా అన్నది ఆవిడే తేల్చాలి. ఆవిడ ఏం చూసినా ఒకసారే చూస్తుంది, ఏం చెప్పినా ఒకసారే చెబుతుంది. అందుకే మేనకోడలు ఆదివారమంతా ఇంటి దగ్గర కూర్చుని, రిపోర్టుల డబ్బాను, బయటివాళ్లు తయారుచేసి ఇచ్చే ఒక కొత్త మూసలో పోసింది. పాతదానిలో పదోవంతు సైజు. తన ల్యాప్‌టాప్ మీద నడిపి చూసుకుంటే చక్కగా నడిచింది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి అత్త చేత అసలు సర్వరు మీద పెట్టించింది. ఉత్సాహం పట్టలేక, పాత డబ్బాను చెరిపించి డిస్కు ఖాళీ కూడా చేయించింది. పప్పులో కాలేసింది అక్కడే.

తొమ్మిదింటికి స్కాన్ గదినుంచి ఫోనొచ్చింది. కొత్త రిపోర్టు సేవ్ కావడం లేదు. పాత రిపోర్టులు తెరుచుకోవడం లేదు. తెర మీద ఎర్ర అక్షరాల్లో 'వీలుపడదు' అంటోంది. బెంచీల మీద ఇరవై మంది గర్భిణులు కూర్చున్నారు, స్కాన్ కోసం అందరూ నిండా నీళ్లు తాగి ఉన్నారు, ఎంతసేపు ఆపుకోమంటారు అని స్కాన్ గది టెక్నీషియను ఫోనులోనే అరిచింది.

తొందరసారూ, మేనకోడలూ రికార్డమ్మ తెర దగ్గర మూగారు. రిపోర్టుల ఫోల్డరు ఎవరి సొంతమో చూద్దామని మేనకోడలు అడిగింది. రికార్డమ్మ కమాండు కొట్టింది. ఫోల్డరు సొంతదారు డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా అని వచ్చింది. వెబ్ సర్వర్లు ఎక్కువగా ఆ యూజరు పేరుతోనే పనిచేస్తాయి. నోరు తిరగని పేరు కాబట్టి రికార్డమ్మ దానికి మూడు డబ్ల్యూల మనిషి అని పేరు పెట్టుకుంది.

"ఇప్పుడు డబ్బాలో సర్వరు ఎవరి పేరుతో నడుస్తోందో అడుగత్తా."

అడిగింది. అదే పేరు వచ్చింది. మూడు డబ్ల్యూల మనిషే.

"సొంతదారూ వాడే, తలుపు తట్టేదీ వాడే! మరి వాడి ఇంట్లోకి వాణ్ణే ఎందుకు రానివ్వడం లేదు?" అని మేనకోడలు జుట్టు పీక్కుంది. డబ్బాను ఆపి మళ్లీ లేపించింది. కిటికీ మూసి మళ్లీ పెట్టించింది. అక్షరం అక్షరం సరిచూసింది. పేర్లు రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే. పాత డబ్బాను మళ్లీ కట్టి తెద్దామా అంటే గంటన్నర పడుతుంది. అప్పటికి తొమ్మిదీ నలభై.

తొందరసారు మూడోసారి గడియారం చూసుకుని, "ఇంక చాల్లే. ఏడు, ఏడు, ఏడు కొట్టేయండి" అన్నాడు.

"ఎవర్ని ఏడవమంటున్నారు సార్?" అంది రికార్డమ్మ.

మామూలు రోజైతే ఆయన నవ్వేవాడే. ఆయన చెప్పింది అనుమతుల సంఖ్య. మొదటి ఏడు సొంతదారుకి, రెండోది అతని గుంపుకి, మూడోది మిగతా లోకమంతటికీ. ఏడు అంటే చూడొచ్చు, మార్చొచ్చు, లోపలికి పోవచ్చు, అడ్డేమీ లేదు. మూడు ఏడులూ కొట్టేస్తే ఎవరు ఎవరైనా ఇంక అడిగే దిక్కుండదు, పని మాత్రం చిటికెలో అయిపోతుంది.

"పెద్ద డాక్టరమ్మ వచ్చి వెళ్లేదాకానే. తర్వాత తీరిగ్గా సరిచేసుకుందాం" అన్నాడు తొందరసారు.

"అత్తా, కొట్టెయ్యవే" అంది మేనకోడలు. ఆ పిల్ల గొంతులో బతిమాలడం రికార్డమ్మకు వినబడింది. ఎనిమిది నెలల కష్టం ఇంకో గంటలో గంగపాలయ్యేలా ఉంది. ఆ కష్టాన్ని రికార్డమ్మ రోజూ పక్కనే కూర్చుని చూసింది. కొట్టెయ్యాలనే అనిపించింది కూడా. వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లి ఆగిపోయాయి.

"కొట్టను సార్" అంది.

తొందరసారు మొదట తనకి సరిగ్గా వినబడలేదనుకున్నాడు. వినబడిందని తెలిశాక మొహం కందగడ్డలా అయింది. "ఏమన్నారు?"

"ఆ ఫోల్డరు పక్కనే నోటీసుల ఫోల్డరుంది సార్. నోటీసుబోర్డు డబ్బాకి మనం పెట్టిన కిటికీ, ఆ రెండు ఫోల్డర్లూ కలిసి ఉన్న పై ఫోల్డరుకి ఉంది. నోటీసులు రోజూ ఎక్కించేది నేనే కాబట్టి తెలుసు. ఆ నోటీసుబోర్డుని బయట ఎవరైనా తమ ఫోన్లో చూడొచ్చు. ఇప్పటిదాకా రిపోర్టులు కనబడటం లేదంటే, ఆ డబ్బాలో మనిషికి రిపోర్టుల్లోకి అనుమతి లేదు కాబట్టి. మూడో ఏడు కొట్టామా, ఏ ఆడమనిషికి ఎన్నో నెలో, ఎవరికి కడుపు పోయిందో, ఎవరికి ఏ రోగముందో, అడ్రసు తెలిసిన ప్రతివాడూ చదువుకోవచ్చు."

"ఒక్క గంటకి ఎవరు చూస్తారమ్మా!"

"ఐదు నిమిషాల్లో చూశారు సార్" అంది రికార్డమ్మ.

అది ఆయనకి చెప్పిన మాట కాదు, తనకి తాను చెప్పుకున్నది. పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం రికార్డు రూము తలుపు తెరిచిపెట్టి, కింద సంతకం ఒకటి పెట్టి రావడానికి వెళ్లింది. ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే. ఆ కాస్తలో, తన కార్డు కోసం వచ్చిన ఒకావిడ లోపలికి నడిచి, బల్ల మీదున్న తోటికోడలి కార్డు చదివింది. పెళ్లికి ముందు ఒక కాన్పు అయిందని అందులో ఉంది. రెండు రోజులకల్లా ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. ఆ తోటికోడలు ఒకసారి రికార్డు రూము కిటికీ దగ్గరికి వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. "మీరుంటారనుకున్నాను" అని వెళ్లిపోయింది. ఆరో నెల ఆమెకు అప్పుడు. మళ్లీ ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఆ సిగ్గు రికార్డమ్మకి ఇవాళ్టికీ పోలేదు. ఎవరూ ఆవిణ్ణి శిక్షించలేదు, ఆసుపత్రిలో ఎవరికీ తెలియను కూడా తెలియదు, అందుకే మరీ పోలేదు.

తొందరసారు గొంతు తగ్గించి, "మీ ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు ఇన్నేళ్లకి నా బల్ల మీదికొచ్చి ఉంది, చూసుకోండి" అన్నాడు.

"ఉండనివ్వండి సార్. పాస్‌వర్డు నా దగ్గరుంది. అదీ ఉండనివ్వండి."

మేనకోడలు అత్త వంక వింతగా చూసింది. చిన్నప్పట్నుంచీ తనకి జడలు వేసిన మనిషి, ఇంట్లో ఎవరెంత మాటన్నా నవ్వేసి ఊరుకునే మనిషి, ఇలా మాట్లాడగలదని ఆ పిల్లకి తెలియదు.

"సరే, కొట్టొద్దులే. మరేం చేద్దాం? పదవుతోంది" అంది మేనకోడలు, ఈసారి చెల్లెల్ని అడిగినట్టు కాకుండా పెద్దదాన్ని అడిగినట్టు.

రికార్డమ్మ తెరమీద ఉన్న రెండు పేర్లనూ మార్చి మార్చి చూసింది. ఒకే పేరు, రెండు చోట్ల. ఒకే పేరుతో మనుషులుండటం ఆవిడకి కొత్తేమన్నానా! రికార్డు రూములో ఒకే పేరు పిలిస్తే నలుగురు లేచిన రోజులున్నాయి. ఇంటిపేరు కూడా కలిసి, ఒకరి రక్తపరీక్ష ఇంకొకరి చేతికి పోబోయిన రోజూ ఉంది. అందుకే కొత్తగా చేరినవాళ్లకి ఆవిడ నేర్పే మొదటి పాఠం ఒకటే. పేరు వినండి, నవ్వండి, ఆ తర్వాత నంబరు అడగండి. కార్డు మీద పేరు మన కోసం, నంబరు బీరువా కోసం.

"ఏమే, ఈ మూడు డబ్ల్యూల మనిషికి నంబరు లేదా?"

"ఉంటుందత్తా, ప్రతి యూజరుకీ ఉంటుంది. డిస్కు మీద రాసి ఉండేది నిజానికి నంబరే. మనకి అర్థం కావాలని పక్కన పేరు వేసి..." అంటూ అంటూ మేనకోడలు మధ్యలో ఆగిపోయింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"చూపించమందామా?" అంది రికార్డమ్మ.

"పేర్లు తీసేసి నంబర్లు చూపించమను. కమాండులో చిన్న ఎన్ అక్షరం పెట్టు చాలు. పెట్టత్తా, పెట్టు!"

పెట్టింది. ఫోల్డరు సొంతదారు ముప్పై మూడు. ఆ తర్వాత డబ్బాలోకి వెళ్లి, నువ్వెవరివి, నీ నంబరెంత అని అడిగింది. డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా, ఎనభై రెండు.

మేనకోడలు రెండు నంబర్లనూ తెర మీద వేలితో తాకి చూసింది.

"వీడు వేరు, వాడు వేరు!" అని మేనకోడలు కుర్చీలోంచి లేచింది. "పాత మూసలో ఈ పేరుకి ముప్పై మూడు. కొత్త మూస చేసినవాళ్లు అదే పేరుకి ఎనభై రెండు ఇచ్చుకున్నారు. ఎవరి డబ్బా జాబితా వాళ్లది కదా! నా ల్యాప్‌టాప్‌లో ఫోల్డరు కూడా కొత్తగా పుట్టింది కాబట్టి దానికీ ఎనభై రెండే పడింది, అందుకే నడిచింది. గంటసేపు పేరు చూసి వాడే వాడే అనుకుంటున్నాను. తలకాయ ఎక్కడ పెట్టుకున్నానో నేను!"

"భుజాల మీదే ఉందిలే. కూర్చో" అంది రికార్డమ్మ.

తొందరసారు మనసులో అప్పుడే సగం మెట్లు ఎక్కేశాడు. "అయితే ఫైళ్లన్నిటి సొంతదారునీ ఎనభై రెండు చేసేయండి! ఒక్క కమాండు!"

"రెండు లక్షల ఫైళ్లున్నాయి సార్" అంది రికార్డమ్మ. "రోజూ కాపీలు తీసే ప్రోగ్రామూ, పాత కార్డుల ప్రోగ్రామూ ఇవన్నీ ముప్పై మూడునే గుర్తుపడతాయి. ఒక మనిషి తప్పు నంబరుతో వచ్చాడని బీరువాలో రెండు లక్షల కార్డుల మీదా నంబరు కొట్టేసి మళ్లీ రాస్తామా? ఆ ఒక్క మనిషి బిళ్ల మారిస్తే పోదా?"

మేనకోడలు ఆవిడ వంక చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వులో కళ్లనీళ్లు కూడా ఉన్నాయి. "డబ్బా మూసలోనే వాడి నంబరు ముప్పై మూడు అని రాసేస్తాను. ఒక్క లైను. కొత్త మూస చిన్నది కదా, ఏడు నిమిషాల్లో కట్టేస్తుంది."

రాసింది. డబ్బా కట్టడం మొదలైంది. ఆ ఏడు నిమిషాల్లో తొందరసారు గదిని ఎన్నిసార్లు చుట్టాడో లెక్కలేదు. స్కాన్ గది టెక్నీషియను ఇంకో రెండుసార్లు ఫోను చేసి, ఇక తనవల్ల కాదని ముగ్గుర్ని బాత్రూముకి పంపేశానంది. పదీ ఇరవైకి రికార్డమ్మ కొత్త డబ్బాను లేపింది. మొదట నంబరు అడిగింది. ముప్పై మూడు. ఆ తర్వాతే స్కాన్ గదికి ఫోను చేసి, ఒక రిపోర్టు సేవ్ చేసి చూడమంది.

అవతల కీబోర్డు టకటకలాడింది. "అయింది" అని వినబడింది. వెనకాలే, "తర్వాతి ఆవిణ్ణి రమ్మనండి, పాపం ఆపుకోలేక చస్తోంది" అని కేక.

తొందరసారు కుర్చీలో కూలబడ్డాడు. చాలాసేపటికి, "రికార్డమ్మా, ఇందాక నేనన్నది..." అని ఆగాడు. క్షమాపణ కూడా ఆయన సగమే చెప్పాడు. మిగతా సగం ఆవిడ తనే వేసుకుంది.

పెద్ద డాక్టరమ్మ పదకొండుకి ఒక నిమిషం ముందే వచ్చింది. పొడుగు మనిషి, తెల్లకోటు జేబులో చేతులు, ముక్కు చివర కళ్లజోడు. రిపోర్టులు తెరిపించి చూసింది, సేవ్ చేయించి చూసింది, ఎంత వేగంగా వస్తున్నాయో చూసి తలాడించింది. "పొద్దున ఏదో గొడవయిందట?" అంది.

"చిన్న అనుమతి సమస్య మేడమ్, సర్దేశాం" అన్నాడు తొందరసారు చటుక్కున.

"చిన్నది కాదు మేడమ్" అంది మేనకోడలు. రికార్డమ్మ కళ్లతో వద్దన్నా ఆ పిల్ల ఆగలేదు. "తప్పు నాది. నంబరు చూడకుండా పేరు చూసి సరిపెట్టుకున్నాను. తోచక, ఫోల్డరు అందరికీ తెరిచేద్దామని నేనూ అన్నాను. తెరిచి ఉంటే బయటి నోటీసుబోర్డులోంచి ఎవరైనా రిపోర్టులు చదివేసేవాళ్లు. మా అత్త కొట్టనంది. నంబరు అడగాలన్నది కూడా తనే. మా అత్త మేడమ్." చివరి మాట ఆ పిల్ల రెండోసారి ఎందుకందో ఎవరూ అడగలేదు. తల అంత ఎత్తున పెట్టుకుని అంది.

రికార్డమ్మకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుండె మాత్రం పొంగింది. అన్న కూతురు తన కష్టమంతా పణంగా పెట్టి నిజం చెప్పింది. దాన్ని చూస్తే ఎవరికి పొంగదు!

పెద్ద డాక్టరమ్మ చేతులు మళ్లీ కోటు జేబులో పెట్టుకుంది. "డబ్బాలు ఉంచండి" అంది. వెళ్లబోయి, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి వచ్చింది. "ఆ దారి మూసే ఉందని ఎలా తెలుసు? నోటీసుబోర్డులోంచి ఆ రిపోర్టుల అడ్రసేమిటో చెప్పు." జేబులోంచి తన ఫోను తీసింది.

మేనకోడలు చెప్పింది. పెద్ద డాక్టరమ్మ వేలితో ఒక్కో అక్షరమే కొట్టింది. తెల్లటి పేజీ వచ్చింది. మధ్యలో ఒకే ఒక్క లైను, ప్రవేశం నిషిద్ధం.

కళ్లజోడు సరిచేసుకుని ఇంకోసారి కొట్టింది. మళ్లీ అదే.

"నేను ఈ ఆసుపత్రి సూపరింటెండెంటుని" అంది పెద్ద డాక్టరమ్మ, ఫోను మీదనుంచి కళ్లు తిప్పకుండా. "నాక్కూడా లేదా?"

రికార్డమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మీక్కూడా లేదండీ" అంది. "ఆ దారిన ఎవరికీ లేదు. మీరు చూడాలంటే మీ గదిలో మీ పేరూ పాస్‌వర్డూ ఇచ్చి రావాలి. వచ్చినట్టు నమోదవుతుంది."

పెద్ద డాక్టరమ్మ తల పైకెత్తి ఆవిణ్ణి ఒకసారి పరీక్షగా చూసింది. ఆ తర్వాత, చూద్దామన్నట్టు, మూడోసారి కూడా కొట్టింది. ఫోను ఆవిడ చేతిలో మూడోసారీ అదే మాట చెప్పింది. రికార్డమ్మకి తన బతుకులో ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు.